వయస్సుకు పద్దు ఏ ఖాతాలో?

గత సంచికలో పెద్దవారి డిపాజిట్ల గురించి, నామినేషన్ల గురించి నేను రాసినది చదివి ఒక సోదరి ఉత్తరం రాశారు. "డబ్బు లెక్కలు బాగానే చెప్పారు గాని, ఆ డబ్బంతా చివరికి ఐ.సి.యు.కే పోతున్నది. ఎనభై దాటినవారిని అందులో చేర్చడం మనకు ఖర్చు, వారికి బాధ, అక్కడి నర్సులకు వెట్టిచాకిరీ తప్ప ఏముంది? ఒక ముసలివారికి చేసే చాకిరీతో ఇద్దరు పడుచువారిని బతికించవచ్చు గదా! దీనికి కూడా ఒక లెక్క చెప్పండి" అన్నారు.

ఇది ఆమె ఒక్కరి మాట కాదు. పెళ్ళిళ్ళలోనూ, సంఘం సమావేశాల తర్వాత కాఫీల దగ్గరా తరచు వినబడే మాటే. నేను డాక్టరును కాను. బి.కామ్ చదివి బ్యాంకులో చేరినవాడిని. అయినా "ఇంత చాకిరీ, అంత చాకిరీ" అన్నప్పుడు అది లెక్కకు సంబంధించిన మాటే. ఆ లెక్క ఎవరైనా వేశారా, వేస్తే ఏం తేలింది అని వెతికాను. తెలిసినంతవరకు పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందుగా ఈ ఐ.సి.యు. ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో విపరీతంగా వ్యాపించింది. ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు రాలిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతు వద్ద రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో పిసికి గాలి అందించవచ్చునని పన్నెండేళ్ళ అమ్మాయి విషయంలో చేసి చూపించాడు. అన్ని సంచులు పిసకడానికి యంత్రాలు లేవు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు ఆ సంచులు పిసికారు. మరుసటి సంవత్సరం, 1953 డిసెంబరులో, ఇబ్సెన్ ఇటువంటి రోగులందరినీ ఒకేచోట చేర్చి చూసే విభాగం తెరిచాడు. ఇప్పటి ఐ.సి.యు.లకు అదే మూలపురుషుడు. నేటి ఐ.సి.యు. అనగానే మనకు బీప్ బీప్ అనే పెట్టెలు గుర్తుకొస్తాయి. కాని అది పుట్టింది మనిషి చేతుల మీద. యంత్రాలు తర్వాత వచ్చాయి. ఆ యంత్రాలను చూసుకోవడానికి మళ్ళీ మనిషే కావాలి. ఆ మనిషే నర్సు.

ఇక లెక్కల సంగతి. ఐ.సి.యు. రోగికి రెండు రకాల ఖాతాలు తెరుస్తారు.

మొదటిది జబ్బు తీవ్రత ఖాతా. ఇందులో బాగా వాడుకలో ఉన్నది 1985లో అమెరికాలో తయారైన 'అపాచీ-2' అనే పట్టిక. జ్వరం, రక్తపోటు, నాడి, ఊపిరి, రక్తపరీక్షలు మొదలైనవాటికి మార్కులు వేస్తారు. మార్కులు పెరిగిన కొద్దీ ప్రమాదం ఎక్కువన్నమాట. ఈ ఖాతాలో వయస్సుకు ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. 44 ఏళ్ళలోపు సున్న. 45 నుంచి 54 వరకు 2, 55 నుంచి 64 వరకు 3, 65 నుంచి 74 వరకు 5, 75 దాటితే 6 మార్కులు. అంటే వయస్సు మీద పడినకొద్దీ బతికి బయటపడే అవకాశం తగ్గుతుందని ఈ ఖాతా ఒప్పుకుంటున్నది. అందులో దాపరికం లేదు.

రెండవది నర్సు పని ఖాతా. 1974లో అమెరికాలోనే 'టిస్' అనే పద్ధతి వచ్చింది. రోగికి ఎన్ని రకాల చికిత్సలు జరుగుతున్నాయో లెక్కపెట్టి ఒక్కొక్కదానికి పాయింట్లు వేయడం దీని పద్ధతి. 1996లో నెదర్లాండ్స్ డాక్టరు రైస్ మిరాండా బృందం దీన్ని 28 అంశాలకు కుదించింది. ఒక షిఫ్టులో ఒక నర్సు 46 పాయింట్ల పని చేయగలదని తేల్చింది. ఆ తర్వాత మిరాండా బృందమే, నర్సులు నిజంగా దేనిమీద ఎంత సేపు గడుపుతున్నారో గమనించి, 2003లో 'నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్' అనే కొత్త పట్టిక ప్రకటించింది. దీన్ని పొట్టిగా 'నాస్' అంటారు. ఇందులో 23 అంశాలున్నాయి. ఒక రోగికి మొత్తం 100 వస్తే ఒక నర్సు సమయమంతా ఆ ఒక్క రోగికే సరిపోతుందని అర్థం. 50 వస్తే ఒక నర్సు ఇద్దరిని చూడవచ్చు.

ఆ 23 అంశాలూ ఒకటికి రెండుసార్లు చదివాను. వయస్సు అనే పద్దు అందులో ఎక్కడా లేదు.

ఇది నాకు మొదట వింతగా తోచింది. తర్వాత మా బ్యాంకు కౌంటరు గుర్తుకొచ్చి విషయం అర్థమైంది. ఒక బ్రాంచిలో ఎంతమంది గుమాస్తాలు కావాలో ఒకప్పుడు వోచర్ల సంఖ్యను బట్టి చూసేవారు. వోచరంటే వోచరే, అది కుర్రవాడిదైనా పెద్దాయనదైనా ఒకటే లెక్క. కాని నెల మొదట్లో పెన్షన్ల రోజున కౌంటరులో కూర్చున్నవాడికి తెలుసు, ఒక వోచరు అర నిమిషంలో తెమిలిపోతుంది, మరొకటి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు పట్టడానికి కారణం పెద్దాయన పుట్టిన తేదీ కాదు. చెయ్యి వణికి సంతకం కలవదు, పాస్‌బుక్కులో అక్షరాలు ఆనవు, మనం చెప్పేది వినబడదు. ఈ మూడూ లేని ఎనభై ఏళ్ళ పెద్దాయన అర నిమిషంలోనే వెళ్ళిపోతాడు. ఈ మూడూ ఉన్న యాభై ఏళ్ళవాడు పది నిమిషాలూ తీసుకుంటాడు.

టిస్ పద్ధతి వోచర్లు లెక్కపెట్టే పద్ధతి వంటిది. నాస్ పద్ధతి గడియారం చూసే పద్ధతి. నర్సు సమయంలో 28 అంశాల టిస్‌కు అందింది 43 శాతమైతే, నాస్‌కు అందింది 81 శాతమని తయారుచేసినవారే చెప్పారు. అంటే నర్సు పడే శ్రమలో సగానికి పైగా, ఏ సూదిలోనూ ఏ గొట్టంలోనూ లేని పనిలో ఉందన్నమాట.

అదేం పని? నాస్ పట్టికలోంచే నాలుగు పద్దులు చూడండి. గంటకొకసారి నాడి, రక్తపోటు చూసి రాసుకుంటే 4.5. రోగి భద్రత కోసం ఒక షిఫ్టులో నాలుగు గంటలో అంతకు మించో పక్కనే నిలబడవలసివస్తే అదే పద్దు 19.6 అవుతుంది. ఒళ్ళు తుడవడం, శుభ్రం చేయడం మామూలుగా జరిగితే 4.1. షిఫ్టులో రెండు గంటలు మించితే 16.5. రోగిని పక్కకు తిప్పడం రోజుకు మూడుసార్ల వరకైతే 5.5. అంతకంటె ఎక్కువసార్లు గాని, ఇద్దరు నర్సులు కలిసి గాని తిప్పవలసివస్తే 12.4. రోగికీ వారి ఇంటివారికీ ధైర్యం చెప్పడం, మాట్లాడడం షిఫ్టులో ఒక గంట అయితే 4. మూడు గంటలు దాటితే 32.

తెలివిగా ఉండి, చెప్పినట్టు సహకరించి, తనంతట తాను ఒత్తిగిలగల రోగికి ఈ నాలుగు పద్దులూ కలిపితే 18.1 వస్తుంది. మతి తడబడి, చర్మం పల్చబడి, కదలలేక, ఇంటివారంతా కంగారుపడుతున్న రోగికి 80.5 వస్తుంది. తేడా 62.4. అంటే ఒక నర్సు సమయంలో సగం కంటె ఎక్కువ. వెంటిలేటరు, మందులు, రక్తపరీక్షలు దీనికి అదనం. మొదటి రోగి 80 ఏళ్ళవారు కావచ్చు, రెండవ రోగి తలకు దెబ్బ తగిలిన 30 ఏళ్ళ కుర్రవాడు కావచ్చు. పట్టికకు ఆ తేడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

అయితే రెండవ రకం పరిస్థితి పెద్దవారికే ఎక్కువగా వస్తుందన్నది కాదనలేని నిజం. మన పెద్దలు "సంధి కొట్టింది" అనేవారు. దాన్నే డాక్టర్లు డెలీరియం అంటారు. ఉన్నట్టుండి పగలు రాత్రి తెలియకపోవడం, ఎవరో వచ్చారనడం, గొట్టాలు పీకేసుకోవడం, మంచం దిగబోవడం దీని లక్షణాలు. కొందరు గోల చేయరు, ముడుచుకుని ఊరుకుంటారు. అది కనిపెట్టడం ఇంకా కష్టం. వయస్సు, అంతకుముందే ఉన్న మతిమరుపు, నిద్రలేమి, కొన్ని మత్తుమందులు, కళ్ళద్దాలు వినికిడి యంత్రం లేకపోవడం దీన్ని పెంచుతాయి. అసలు జబ్బుకు తోడు ఇది రావడం గోరుచుట్టు మీద రోకటి పోటే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మకు 81 ఏళ్ళు. న్యుమోనియాతో ఒక ఆస్పత్రి ఐ.సి.యు.లో తొమ్మిది రోజులున్నది. కాపురానికి తిరువొత్తియూరు వచ్చి అరవై ఏళ్ళు. తేరడి వీధిలో కూరలవాళ్ళతో అరవంలో గీసి గీసి బేరమాడిన మనిషి. మూడో రోజు రాత్రి మతి తడబడింది. ఆ రాత్రితో ఆమెకు అరవం పోయి తెలుగొక్కటే మిగిలింది. ఏ.సి. గదిలో వణుకుతూ "చలి, చలి" అంటున్నది. డ్యూటీలో ఉన్నది నాగర్‌కోయిల్ వైపు అమ్మాయి, చాలా ఓర్పు గలది. అరవంలో 'చళి' అంటే కఫం. న్యుమోనియా రోగి గదా, కఫం అడ్డుపడుతున్నదనుకుని ఆ అమ్మాయి పాపం మాటిమాటికీ లేపి కూర్చోబెట్టి, వీపు తట్టి, ఉమ్మడానికి గిన్నె పట్టింది. పెద్దమ్మకు కోపం, ఆ అమ్మాయికి అయోమయం. ఇంకోసారి "ఒంటికి" అంటూ మంచం దిగబోతే, పడిపోతుందని చేతులకు మెత్తటి గుడ్డ కట్టారు.

మర్నాడు సంగతి తెలిసి మా అన్నయ్య మనుమరాలు ఒక అట్టముక్క మీద పన్నెండు తెలుగు మాటలు అరవ లిపిలో రాసి, ఎదురుగా అరవ అర్థం రాసి మంచానికి తగిలించింది. చలి, దాహం, నొప్పి, ఒంటికి, ఊపిరాడడం లేదు, వద్దు, ఇంతే. నియమం ప్రకారం మొదటి రోజే మా చేతికిచ్చేసిన కళ్ళద్దాలు, వినికిడి యంత్రం అడిగి మళ్ళీ పెట్టించాము. సంధి ఒక్కరోజులో తగ్గిందని నేననను. దానికి మందులూ, జ్వరం దిగడమూ కారణాలే. కాని ఆ రాత్రి నుంచి గుడ్డ కట్టవలసిన అవసరం మాత్రం రాలేదు. ఆ నర్సు అమ్మాయి "పాట్టి ఇప్పుడు నాతో మాట్లాడుతోంది సార్" అని నవ్వుతూ చెప్పింది. ఆమె పట్టికలో 19.6 మళ్ళీ 4.5కు దిగిందన్నమాట.

త్యాగరాజస్వామి మా తిరువొత్తియూరు త్రిపురసుందరీదేవి మీద అయిదు కీర్తనలు తెలుగులోనే చేశారు. అమ్మవారికి తెలుగు తెలుసు, నర్సుకు తెలియవలసిన పని లేదు. తెలియజేయవలసినవారం మనమే. మీలో బెంగళూరు, ముంబాయి, ఖరగ్‌పూర్, సూరత్‌లలో ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. రాష్ట్రం దాటి వచ్చినవారికి ముసలితనంలో, జబ్బులో చివరకు మిగిలేది అమ్మనుడే.

ఇప్పుడు నర్సుల సంఖ్య చూద్దాం. ఐ.సి.యు.లో ప్రతి షిఫ్టులో ఒక్కో మంచానికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సెలవుల కోసం మరో 30 శాతం అదనంగా ఉండాలి. పది మంచాలకు మూడు షిఫ్టులకు 30 మంది, సెలవులకు 9 మంది, మొత్తం 39 మంది. పది మంచాలకు 39 మంది నర్సుల జీతాలంటే ఆస్పత్రి యజమాని గుండె గుభేలుమంటుంది. అందుకే చాలాచోట్ల ఒక నర్సు ఇద్దరినో ముగ్గురినో చూస్తూ కనబడుతుంది. దీని ఫలితం ఏమిటి? అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల్లో ఆపరేషన్లు జరిగిన రోగుల వివరాలు చూసి లిండా ఐకెన్ అనే నర్సింగ్ ప్రొఫెసరు బృందం 2002లో ఒక లెక్క ప్రకటించింది. నర్సుకు ఒక్కో రోగి అదనమైనకొద్దీ నెలరోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతున్నదని తేలింది. అది మామూలు వార్డుల లెక్కే. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, 2004 నుంచి వార్డువారీగా నర్సుల సంఖ్య అమలుచేసింది. అక్కడ ఐ.సి.యు.లో ఒక నర్సుకు ఇద్దరు రోగులను మించకూడదు.

కనుక "ముసలివారు నర్సుల సమయం తినేస్తున్నారు" అనేముందు, అసలు ఆ నర్సుకు ఎంతమందిని అప్పగించారో అడగాలి. నలుగురి పని ఒకరి నెత్తిన పెట్టి, ఆలస్యమైతే క్యూలో ఉన్న పెద్దాయనను తప్పుపట్టినట్టుంటుంది లేకపోతే.

ఈ ప్రశ్న ఇకముందు పెరుగుతుందే గాని తగ్గదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 60 దాటినవారు 10.4 శాతం. 2031 నాటికి 18.2 శాతం కావచ్చునని కేంద్రం నియమించిన నిపుణుల అంచనా. పెద్దవారికి ప్రత్యేక వైద్యం అనే ఆలోచన మన దేశంలో మొదలైనదీ ఈ ఊళ్ళోనే. 1978లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు వృద్ధుల కోసం విడిగా చూడడం ప్రారంభించారు. వారికి 2012లో పద్మశ్రీ వచ్చింది. గిండీలో 200 పడకల జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఉత్తర మద్రాసు వాళ్ళం మాకు ఎప్పుడూ దిక్కు స్టాన్లీ. 1782 కరువులో గంజి పోసిన మణేగారు సత్రం నుంచి పుట్టింది గనుక పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ 'గంజితొట్టి ఆస్పత్రి' అంటారు. అక్కడ గంజి పోసినవారు వయస్సు అడిగి పోయలేదు.

మరి ఆ సోదరి ప్రశ్నలో న్యాయం లేదా? ఉన్నది. ఎనభై దాటినవారందరికీ ఐ.సి.యు. మేలు చేయదు. అయితే దాన్ని తేల్చేది వయస్సు ఒక్కటే కాదు. కెనడాలో డాక్టర్ రాక్‌వుడ్ బృందం 2005లో ఒక కొలబద్ద తయారుచేసింది. జబ్బు పడకముందు మనిషి ఎంత చురుకుగా ఉన్నారు, తన పనులు తాను చేసుకునేవారా, మరొకరి సాయం కావాలా, మంచానికే అంటుకున్నారా అని మెట్లు మెట్లుగా చూడడం. 2017లో యూరప్‌లో 21 దేశాల ఐ.సి.యు.లలో 80 దాటిన సుమారు 5,000 మంది విషయంలో చూస్తే, ఈ బలహీనత మెట్టుకూ నెల తర్వాత బతికి ఉండడానికీ స్పష్టమైన సంబంధం కనబడింది. అంటే రోజూ గుడికి నడిచి వెళ్ళే 84 ఏళ్ళ తాతగారూ, రెండేళ్ళుగా మంచం మీదున్న 70 ఏళ్ళ ఆయనా ఒకే గాట కట్టదగినవారు కారు. డాక్టరు "ఇంతకుముందు ఎలా ఉండేవారు?" అని అడిగినప్పుడు గొప్పకు పోకుండా, భయపడి తగ్గించకుండా ఉన్నదున్నట్టు చెప్పడం మన బాధ్యత.

పెద్దవారి ఇష్టం కూడా ముందే తెలుసుకుని ఉంచాలి. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ఏ చికిత్స వద్దో ముందుగా రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేస్తే చాలు. డిపాజిట్టుకు నామినీ రాసేవారు దీనికి ఎందుకు జంకాలి? రాయకపోయినా, కనీసం భోజనాల దగ్గర ఒకసారి మాట్లాడుకోవాలి. ఐ.సి.యు. తలుపు బయట అన్నదమ్ములు వాదులాడుకోవడం కంటె అది ఎంతో మేలు.

చివరగా ఆచరణకు కొన్ని మాటలు. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు ఒక డబ్బాలో పేరు రాసి నర్సుకు చెప్పి అప్పగించండి. ఇంట్లో వాడే మందుల జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఆస్పత్రివారితో మాట్లాడడానికి ఇంటి తరఫున ఒకే మనిషిని పెట్టుకోండి. అయిదుగురు బంధువులు అయిదుసార్లు అదే ప్రశ్న అడిగితే ఆ 32 పాయింట్లు ఎవరి మంచం దగ్గర నుంచి పోతున్నాయో ఆలోచించండి. చూడడానికి వెళ్ళినప్పుడు ఈ రోజు ఏ వారమో, వేళ ఎంతైందో, ఇంట్లో ఎవరేం చేస్తున్నారో మెల్లగా తెలుగులో చెప్పండి. చేర్చేటప్పుడు గది అద్దె అడిగినట్టే "రాత్రి షిఫ్టులో ఎంతమంది రోగులకు ఒక నర్సు?" అని కూడా అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడి నాటికి జవాబు మారుతుంది.

మన సంఘానికి నాదొక విన్నపం. మాటల అట్టను సంఘం తరఫున అచ్చు వేయిద్దాం. ఒకవైపు తెలుగు మాట తమిళ లిపిలో, రెండవవైపు దాని అర్థం. ఇతర రాష్ట్రాల సభ్యుల కోసం కన్నడ, హిందీ, మరాఠీ, ఒరియా, బెంగాలీ లిపుల్లో కూడా. మీ ఇళ్ళల్లో పెద్దవారు బాధలో ఉన్నప్పుడు వాడే మాటలు, మీ జిల్లా మాటలే, ఒక పదేసి రాసి పంపండి. ఒంగోలువారు ఒకటంటారు, విశాఖవారు ఇంకొకటంటారు, తరాలుగా ఇక్కడే ఉన్నవారి తెలుగు మరొకటి. అన్నీ కావాలి. వచ్చే సంచిక నాటికి అందితే, పొంగలి పండుగ సమావేశంలో అట్టలు పంచవచ్చు.